పటం చూపేది, పటం దాచేది: టోలిచౌకి నీటి దారి

గోడకు వేలాడే ప్రపంచపటాన్ని మీరు చదివిన బడిలోనో, ఏదో కార్యాలయంలోనో చూసే ఉంటారు. అందులో ఉత్తరాన గ్రీన్లాండ్ తెల్లగా, విశాలంగా పరచుకొని ఉంటుంది. దాని ముందు భారతదేశం చిన్న ముక్కలా కనిపిస్తుంది. ఇప్పుడు వైశాల్యాలు పోల్చండి. గ్రీన్లాండ్ వైశాల్యం సుమారు 21.7 లక్షల చదరపు కిలోమీటర్లు. భారతదేశం వైశాల్యం సుమారు 32.9 లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే మన దేశమే దానికంటే ఒకటిన్నర రెట్లు పెద్దది. ఆఫ్రికా ఖండం సుమారు 3 కోట్ల చదరపు కిలోమీటర్లు, అంటే గ్రీన్లాండ్‌కు దాదాపు పద్నాలుగు రెట్లు. గోడమీది పటంలో మాత్రం ఆ రెండూ ఇంచుమించు సమానంగా ఉంటాయి.

ఈ పటం తప్పు కాదు. 1569లో గెరార్డస్ మెర్కేటర్ దీని పద్ధతిని నావికుల కోసం తయారుచేశాడు. ఓడ ఒకే దిక్సూచి కోణంలో సాగితే ఆ దారి పటం మీద సరళరేఖగా రావాలి. అదే ఆయనకు కావలసింది. గుండ్రని భూమిని చదును కాగితం మీదికి తెచ్చేటప్పుడు ఏదో ఒకటి వదులుకోక తప్పదు. ఆయన దిశను కాపాడి, వైశాల్యాన్ని వదులుకున్నాడు. భూమధ్యరేఖకు దూరమయ్యేకొద్దీ ప్రదేశాలు ఉబ్బిపోయాయి. సముద్రం మీద మూడు వందల ఏళ్లు బాగా పనికొచ్చిన ఈ పటాన్ని తరువాతివారు తరగతి గదిలో వేలాడదీశారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

నిజమైన వైశాల్యాలు చూపే పటాన్ని మొదటిసారి చూసినవారెవరైనా ఒక్క క్షణం ఆగిపోతారు. ఎందుకని? మన మనసులో అప్పటికే ఒక పటం ఉంది. ఎవరూ పనిగట్టుకుని నేర్పకపోయినా అది అక్కడ చేరింది. కొత్త పటం దానితో ఢీకొంటుంది. 1154లో సిసిలీ రాజు రెండవ రోజర్ కోసం అల్ ఇద్రీసీ తయారుచేసిన ప్రపంచపటంలో దక్షిణం పైన ఉంటుంది. మనకు అది తలకిందులుగా తోస్తుంది. ఉత్తరం పైన ఉండాలన్నది మనుషులు పెట్టుకున్న అలవాటే తప్ప ప్రకృతి నియమం కాదు. మీ బంధువులెవరైనా కాలిఫోర్నియాలో ఉంటే ఇంకో ప్రయోగం చేయవచ్చు. హైదరాబాద్‌ను, శాన్‌ఫ్రాన్సిస్కోను గ్లోబు మీద దారంతో బిగించి కలపండి. పటం మీద పసిఫిక్‌కు అడ్డంగా వెళ్తుందనుకున్న దారి ఉత్తర ధ్రువ ప్రాంతానికి దగ్గరగా పోతుంది. రెండు నగరాల మధ్య అతి దగ్గర దారి అదే.

ఇలాంటి పటాలు సరదాగా ఉంటాయి. పుస్తకాల్లోనూ ఫోన్లలోనూ వాటికి గిరాకీ ఎక్కువే. అయితే చరిత్ర విద్యార్థి ఆశ్చర్యం దగ్గర ఆగిపోకూడదు. రెండు పటాలు ఎక్కడ విభేదిస్తున్నాయో చూసి, ఒకటి చూపినదాన్ని మరొకటి ఎందుకు వదిలేసిందని అడగాలి. ఆ ప్రశ్నను గ్రీన్లాండ్ మీద కంటే మన ఇళ్లున్న చోట వేస్తే ఎక్కువ విలువ ఉంటుంది. అందుకే ఈ పాఠానికి హైదరాబాద్ పశ్చిమ భాగంలోని టోలిచౌకిని ఎంచుకున్నాం.

గోల్కొండ గుమ్మం ముందు

టోలి అంటే దండు, గుంపు. చౌకి అంటే కాపలా ఉండే చోటు. పేరును బట్టే ఇది కోటకు దగ్గరి ప్రదేశమని ఊహించవచ్చు. దీనికి పశ్చిమాన గోల్కొండ, తూర్పున మెహదీపట్నం, ఉత్తరాన షేక్‌పేట ఉంటాయి. షేక్‌పేట పైన ఫిలింనగర్, జూబ్లీహిల్స్ గుట్టలు. దక్షిణాన కొద్ది దూరంలో మూసీ నది. ఇవాళ ఇక్కడికి వచ్చినవారికి ఫ్లైఓవరు, హోటళ్లు, బట్టల దుకాణాలు, అపార్ట్‌మెంట్లు కనిపిస్తాయి. నేల చదునుగానే అనిపిస్తుంది. బండిమీద పోయేవారికి వాలు తెలియదు.

ఇప్పుడు సర్వే ఆఫ్ ఇండియా వారి స్థలవర్ణన పటం తీసుకోండి. దీన్నే టోపోషీట్ అంటాం. హైదరాబాద్ పశ్చిమ భాగం 56 కె/7 అనే సంఖ్యగల షీటులో వస్తుంది. స్కేలు 1:50,000, అంటే పటం మీద రెండు సెంటీమీటర్లు నేలమీద ఒక కిలోమీటరు. గోధుమరంగులో వంపులు తిరిగే సన్నని గీతలు సమోన్నత రేఖలు. ఒక్కో రేఖ సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తులో ఉన్న బిందువులను కలుపుతుంది. రేఖలు దగ్గర దగ్గరగా ఉంటే వాలు ఎక్కువ. జూబ్లీహిల్స్ నుంచి మూసీ వైపు వేలు జరిపితే ఒక్కో రేఖ దాటుతూ దిగువకు వస్తారు. ఆ దారిలోనే టోలిచౌకి ఉంది. గుట్టల దక్షిణపు వాలున పడిన వానకు నదికి చేరే దారి షేక్‌పేట, టోలిచౌకి వైపే.

మద్రాసు నుంచి తెలుగు సినిమా పరిశ్రమ హైదరాబాద్‌కు తరలివచ్చిన దశాబ్దాల్లో ఈ గుట్టలు చాలావరకు బండరాళ్లు, పొదలతో నిండిన నేల. స్టూడియోలు, ఇళ్లు, రోడ్లు ఆ తరువాత వచ్చాయి. ఫిలింనగర్‌కు వచ్చిన కుర్రవాడు నటుల ఇళ్లు ఎక్కడున్నాయని వెతుకుతాడు. వాన నీరు ఎవరి గేటు ముందూ నిలబడదు, వాలు వెతుక్కుంటూ పోతుంది. సందులు, పొదలు ఉన్న నేలలో కొంత నీరు ఇంకేది. కాంక్రీటు పరిచాక ఇంకే వీలు తగ్గి, దిగువకు వచ్చే వేగం పెరిగింది.

కుతుబ్‌షాహీల కాలంలో ఈ వాలును శత్రువుగా చూడలేదు, పనిలో పెట్టుకున్నారు. గుట్టల మధ్యనున్న దుర్గం చెరువు గోల్కొండ వాసులకు మంచినీటి ఆధారం. ఆ పేరులోనే కోట ఉంది. ఇప్పుడు దానిమీద 2020లో ప్రారంభమైన తీగల వంతెన ఉంది. జూబ్లీహిల్స్‌లోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి వచ్చినప్పుడు మీరు ఆ చెరువుకు కూతవేటు దూరంలోనే ఉంటారు. కోట తూర్పు పక్కన, నయా ఖిల్లా దగ్గర, టోలిచౌకిని ఆనుకొని షా హాతిమ్ తాలాబ్ ఉంది. ఎగువ నుంచి దిగే నీటిని పట్టి ఉంచే చెరువు అది.

నది నుంచి బయలుదేరి నదికే చేరే నీరు

అన్నిటికంటే ఆశ్చర్యకరమైనది బుల్కాపూర్ నాలా. టోలిచౌకిలో ఇది ఇవాళ చాలామందికి మురికి కాలువ మాత్రమే. పటం మీద దాని గీతను పట్టుకొని పడమరకు వెళ్లండి. షేక్‌పేట, మణికొండ, పుప్పాలగూడ, నార్సింగి, కోకాపేట మీదుగా శంకర్‌పల్లి మండలంలోని బుల్కాపూర్ దాకా పోతారు. తిరిగి వచ్చి తూర్పుకు వెళ్తే మెహదీపట్నం మీదుగా హుస్సేన్ సాగర్ చేరతారు. ఇది మురుగు కోసం తవ్వినది కాదు. ఎగువన మూసీ నీటిని మళ్లించి హుస్సేన్ సాగర్‌ను నింపడానికి తవ్విన కాలువ.

హుస్సేన్ సాగర్ 1562 నాటిది. ఇబ్రహీం కుతుబ్‌షా పాలనలో హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో కట్టారు. చెరువు సొంత పరివాహకం అంత పెద్ద కట్టకు చాలదు కనుక నది నీరు కావలసివచ్చింది. ఇక్కడే పటం ఒక చిక్కుముడి వేస్తుంది. హుస్సేన్ సాగర్ పూర్తి నిల్వ మట్టం సముద్రమట్టానికి సుమారు 513 మీటర్లు. నగరం మధ్యలో పారే మూసీ అంతకంటే పల్లంలో ఉంది. హుస్సేన్ సాగర్ అలుగు పారితే ఆ నీరు చివరకు మూసీలోనే కలుస్తుంది. మరి పల్లంలోని నది ఎత్తులోని చెరువును ఎలా నింపింది?

ఎగువకు వెళ్లడమే జవాబు. శంకర్‌పల్లి ప్రాంతంలో మూసీ, హుస్సేన్ సాగర్ కంటే ఎత్తున పారుతుంది. అక్కడ నీటిని మళ్లించి, నది కంటే చాలా తక్కువ వాలుతో కాలువను నడిపిస్తే, నది కిందికి దిగిపోతున్నా కాలువ పైనే ఉండిపోతుంది. గుట్ట ఎక్కలేని ఎడ్లబండి గుట్ట చుట్టూ తిరిగి పోయినట్టు, కాలువ సమోన్నత రేఖను దాదాపు అంటిపెట్టుకొని వంపులు తిరుగుతుంది. టోలిచౌకి దగ్గరికి వచ్చేసరికి నది దక్షిణాన పల్లంలో, కాలువ ఉత్తరాన ఎత్తులో ఉంటాయి. రెంటి మధ్య తేడాయే ఈ నిర్మాణంలోని తెలివి. సమోన్నత రేఖలు గీసిన పటాలు అప్పట్లో లేవు. నీరు నిలిపి మట్టం చూసే పద్ధతులు, నేలను ఎరిగిన మనుషులు ఉన్నారు. వాళ్ల పేర్లు ఏ పటంలోనూ ఉండవు. నా దృష్టిలో చార్మినార్‌కు ఇచ్చినంత గౌరవం ఈ కాలువకూ ఇవ్వాలి.

ఒక సంగతి గమనించండి. వాలున దిగే వాగులు ఉత్తరం నుంచి దక్షిణానికి వస్తాయి. కాలువ పడమర నుంచి తూర్పుకు పోతుంది. ఈ రెండు దారులు కలుసుకునే చోట్ల టోలిచౌకి, దాని పొరుగు బస్తీలు ఉన్నాయి. కాలువ గట్లు ఆక్రమణకు గురై, వెడల్పు తగ్గి, పూడిక చేరితే ఎగువ నీరు ఎటు పోవాలి?

1908 నేర్పిన పాఠం

ఈ ప్రశ్న నగరానికి కొత్తది కాదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద హైదరాబాద్‌ను ముంచింది. మృతుల సంఖ్యను సాధారణంగా 15,000 అని చెబుతారు. మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వం పిలుపుపై వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నది ఒడ్డునే నిలబడి కారణం వెతకలేదు. పరివాహక ప్రాంతమంతటినీ లెక్కలోకి తీసుకున్నారు. అందులోని 788 చెరువుల్లో 221 తెగిపోయాయని ఆయన పరిశీలనలో తేలింది. నగరవాసి కంటికి ఒక నది పొంగింది. ఎగువ పటం చూసినవారికి ఒకదాని తరువాత ఒకటిగా తెగిన గొలుసుకట్టు చెరువులు కనిపించాయి. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు ఆ అవగాహన నుంచే వచ్చాయి. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తయ్యాయి.

వరద తరువాత నగరాన్ని మళ్లీ తీర్చిదిద్దాలంటే ముందు కొలవాలి. 1912-15 మధ్య లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో జరిగిన పురపాలక సర్వే అందుకు ఫలితం. వీధులు, ఇళ్ల హద్దులు, బావులు, మసీదులు, తోటలు దాకా గుర్తించిన ఆ పటాలను చరిత్రకారులు మన్ పటాలని పిలుస్తారు. పాత హైదరాబాద్ మీద పనిచేసేవారికి ఇవాళ్టికీ అవి తప్పనిసరి. అయితే అది పురపాలక అవసరం కోసం చేసిన సర్వే. నగరం అనుకున్నదాన్నే అంత వివరంగా చూపింది. ఆ రోజుల్లో నగరం బయట ఉన్న చెరువులు, వాగులు తరువాతి పెరుగుదలకు ఎలా దారిచ్చాయో తెలుసుకోవాలంటే టోపోషీట్లు, గ్రామ నక్షాలు చూడాలి.

ఇంకా వెనక్కి వెళ్తే, 1790లలో కాలిన్ మెకంజీ హైదరాబాద్‌లో ఉండి నిజాం రాజ్యాన్ని సర్వే చేశాడు. అది సైనిక అవసరం. దండు నడిచే దారి, దాటగల రేవు, నీరు దొరికే చోటు దానికి కావాలి. 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయిన ఈ మెకంజీ దగ్గరే ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య, ఆయన సోదరులు పనిచేశారు. ఊళ్ల కైఫియతులు సేకరించడంలో వారి పాత్ర పెద్దది. కొలతలతో తేలని సంగతులు, అంటే చెరువు ఎవరు తవ్వించారు, పేరెలా వచ్చింది, ఎప్పుడు తెగింది వంటివి, ఊరివాళ్ల మాటల్లో దొరుకుతాయని మెకంజీకి తెలుసు. పటాన్నీ కైఫియతునూ పక్కపక్కన పెట్టుకొని చదవడం మనం ఆయన నుంచి నేర్చుకోవలసిన పద్ధతి.

2020 అక్టోబర్

2020 అక్టోబర్ 13న హైదరాబాద్ మీద కుండపోత వాన కురిసింది. బేగంపేట వాతావరణ కేంద్రం వద్ద దాదాపు 19 సెంటీమీటర్లు నమోదైంది. నగర శివార్లలో కొన్ని చోట్ల ఇంకా ఎక్కువ పడింది. షా హాతిమ్ తాలాబ్ పొంగి టోలిచౌకిలోని నదీమ్ కాలనీ మునిగిపోయింది. కింది అంతస్తులు నీటిలో ఉండిపోయాయి. జనాన్ని పడవల మీద బయటికి తీసుకువచ్చారు. నీరు కొన్ని రోజులపాటు వదలలేదు.

టోపోషీట్ ముందు పెట్టుకొని చూస్తే ఆ నీరు ఎటు వచ్చిందో, ఎందుకు నిలిచిందో అర్థమవుతుంది. ఎగువ గుట్టలు, మధ్యలో చెరువు, దిగువన పల్లం. అయితే అక్కడ ఇల్లు కొన్నవారి చేతిలో ఉన్నది టోపోషీట్ కాదు, లేఅవుట్ ప్లాన్. అదీ ఒక పటమే. ప్లాటు నంబర్లు, గజాలు, 30 అడుగుల రోడ్డు, మూలన పార్కు ఉంటాయి. ఒక్క సమోన్నత రేఖ ఉండదు. అందులో నేలంతా సమానంగా తెల్లగా ఉంటుంది. గల్ఫ్‌లో ఏళ్ల తరబడి పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో ఇక్కడ ఇల్లు కొన్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాలు చూపని పటాన్ని నమ్మడం వాళ్ల అమాయకత్వం అనడం తేలిక. ఆ పటాన్ని గీసినవారికీ, ఆమోదించినవారికీ వాలు సంగతి తెలుసుకునే వీలు కొన్నవారికంటే ఎక్కువ. మెర్కేటర్ వైశాల్యాన్ని వదిలేస్తే మనకు పోయింది కొంత అవగాహన. లేఅవుట్ ప్లాన్ వాలును వదిలేస్తే పోయేది కింది అంతస్తు.

ఇప్పుడు పాత పటాలు పాఠ్యపుస్తకం దాటి వివాదాల్లోకి వచ్చాయి. చెరువులు, నాలాల రక్షణ కూడా పనిగా 2024 జూలైలో హైడ్రా ఏర్పడింది. ఆగస్టులో మాదాపూర్ తమ్మిడికుంట దగ్గర ఒక కన్వెన్షన్ హాలును కూల్చారు. అది చెరువు పరిధిలో ఉందని అధికారులు, పట్టా భూమి అని యజమాని పక్షం వాదించారు. ఇలాంటి చోట్ల మాటంతా ఒక గీత మీదికి వస్తుంది: చెరువు పూర్తి నిల్వ మట్టం ఎక్కడిదాకా?

పాత పటంలో నీలిరంగు ఉంది కనుక అది చెరువే అని వెంటనే తీర్పు చెప్పవద్దు. టోపోషీట్ మీద ఏడాది పొడవునా నీరుండే చెరువుకు నీలిరంగు నింపుతారు, ఎండిపోయేదానికి హద్దు గీత మాత్రం గీస్తారు. ఎండాకాలంలో పారని వాగు నల్లగీతగా ఉంటుంది. కొత్తగా చదివేవారు దాన్ని లెక్కలోకి తీసుకోరు, కాని వానాకాలంలో ముంచేది ఎక్కువగా అలాంటి వాగే. 1:50,000 స్కేలులో అర మిల్లీమీటరు గీత నేలమీద 25 మీటర్లు. ఒక ఇల్లు గీతకు ఇవతల ఉందా అవతల ఉందా అనేది ఆ పటంతో తేలదు. దానికి గ్రామ నక్షా, సర్వే నంబరు, శిఖం భూమి రికార్డు, నేలమీద మట్టం కొలత కావాలి. తెలంగాణలో శిఖం అంటే చెరువు గర్భంలోని భూమి. నీరు తగ్గినప్పుడు అందులో సాగు చేసేవారు, నీరు పెరిగితే వదిలేసేవారు. హద్దు ఋతువుతోపాటు కదిలేది. పటం దాన్ని ఒకచోట ఆపి గీసింది.

మీ అధ్యయన కేంద్రం ఏ ఊళ్లో ఉన్నా ఈ పని చేయవచ్చు. 2005 జాతీయ పట విధానం తరువాత, మరీ ముఖ్యంగా 2021 ఫిబ్రవరి మార్గదర్శకాల తరువాత, పటాలు అందుకోవడం సులువైంది. మీ ప్రాంతపు టోపోషీట్ సంపాదించి మీ ఇంటిని గుర్తించండి. ఎగువన మొదటి చెరువు ఏది, దాని మత్తడి నీరు ఎటు పోతుందో పెన్సిలుతో గీయండి. తరువాత వీధుల పేర్లు రాసుకోండి. కుంట, చెరువు, తాలాబ్, ట్యాంక్, కట్ట అన్న పేర్లున్నచోట నీరు లేకపోతే అక్కడ ఆగండి. హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ బస్‌స్టాప్ దగ్గర ఇప్పుడు ట్యాంకు కనిపించదు. మాసాహెబా తాలాబ్ అన్న పేరే అరిగి అలా మిగిలింది. చివరగా ఆ వీధిలో అరవై దాటినవారిని అడగండి. ఎక్కడ ఈత కొట్టేవాళ్లు, బతుకమ్మలు ఎక్కడ వదిలేవాళ్లు, ఏ ఏడు నీళ్లు ఇంట్లోకి వచ్చాయి, గోడమీద ఎంత ఎత్తుదాకా వచ్చాయి అని. వాళ్లు చెయ్యి పెట్టి చూపిన ఎత్తును టేపుతో కొలిచి, తేదీతో సహా మీ పటం మీద రాయండి.